పై ఫోల్డరులో రాసింది

నారాయణగూడ చౌరస్తాకు దగ్గరలోని ఆ మూడంతస్తుల బిల్డింగులో కింద చీరల షాపు, మధ్యలో ట్యుటోరియల్ కాలేజీ, పైన భాగ్యశ్రీ పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేవి. చెప్పులు బయట విడిచే లోపలికి పోవాలి. దుమ్ము పడితే కంప్యూటర్లు పాడవుతాయని యజమాని జగదీశ్వర్ పెట్టిన నియమం అది. లోపల ఏసీ నీళ్లు కారి కార్పెట్ ఎప్పుడూ తడిగా, ముక్కిపోయిన వాసన కొడుతుండేది. తొంభై ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో ఆ వాసన మరీ ఎక్కువైంది. ఉత్త కాళ్లతో ఆ తడి మీద నడుస్తుంటే భాగ్యశ్రీకి ఒళ్లు జలదరించేది. అయినా ఆ ఉద్యోగమంటే ఆమెకు ప్రాణం.

ఆమె తండ్రి పీరయ్య సుతారి మేస్త్రి. గోడలు కట్టి, సిమెంటు పూసి గిలాబు చేసే పని. భాగ్యశ్రీకి నాలుగేళ్లప్పుడు పాలమూరు జిల్లా నుంచి భార్య ఎంకమ్మను తీసుకొని పట్నం వచ్చి, దోమలగూడ బస్తీలో రేకుల ఇల్లు కిరాయికి పట్టాడు. ఎంకమ్మ చిక్కడపల్లిలో కూలీల అడ్డా మీద నిలబడి, ఎవరు పిలిస్తే వాళ్ల వెంట ఇటుకలు మోయడానికి పోయేది. భాగ్యశ్రీ అశోక్‌నగర్ లైబ్రరీలో, గవర్నమెంటు పరీక్షలకు చదివే పిల్లల మధ్య కూర్చుని చదువుకుంది. ఎంసీఏ చేసింది. ఈ కంపెనీలో చేరి రెండేళ్లయింది.

కంపెనీ చేస్తున్నది ఒకటే పెద్ద పని. అమెరికాలో ఒక కస్టమర్ కోసం, ప్రోగ్రాములను భద్రపరిచే సాఫ్ట్‌వేర్. ఒక ఫైలులో ఎవరు ఏ మార్పు చేసినా పాతదాన్ని చెరపకుండా, మార్చినవాళ్ల పేరు, తేదీ, కారణం అన్నీ దాచి ఉంచుతుంది. అందులో ఒక కొత్త సదుపాయం ఉంది. ఒక ఫోల్డరు మీద ఏదైనా వివరం రాసి పెడితే, దాని కింద ఉన్న ఫోల్డర్లకు, వాటిలోని ఫైళ్లన్నిటికీ ఆ వివరం తనంతట తానే దిగుతుంది. పై ఫోల్డరు మీద ‘ఇది ఫలానా బ్యాంకు పని’ అని ఒక్కసారి రాస్తే చాలు, కింద వెయ్యి ఫైళ్లున్నా ప్రతిదానికీ ఆ ముద్ర పడుతుంది.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, కింది ఫోల్డరు చూసే హక్కు ఉండి పై ఫోల్డరు చూసే హక్కు లేని మనిషి దగ్గర. పై నుంచి దిగిన వివరం అతనికి కనబడాలా, వద్దా? దీనికి పద్ధతి ఏర్పాటు చేసే బాధ్యత భాగ్యశ్రీకి వచ్చింది. నెలన్నర ఆలోచించి ఆమె తేల్చింది. వివరం ఏ ఫోల్డరులో పుట్టిందో ఆ ఫోల్డరు చూసే హక్కు ఉన్నవాళ్లకే అది కనబడాలి. మిగతావాళ్లకు అసలు అలాంటిది ఒకటి ఉందన్న సంగతి కూడా తెలియకూడదు. కస్టమర్ రహస్యాలు బయటపడకుండా ఉండటానికి అంతకంటే గట్టి కట్టడి లేదని ఆమె వాదించింది. జగదీశ్వర్ మెచ్చుకున్నాడు. టీమును నడిపించే మనోరమ అందరి ముందు చప్పట్లు కొట్టింది.

మనోరమ విజయవాడ నుంచి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడిన మనిషి. నలభై ఏళ్లుంటాయి. భాగ్యశ్రీ ఆమెను అక్కా అని పిలిచేది. మధ్యాహ్నం ఇద్దరూ డబ్బాలు పక్కపక్కన పెట్టుకుని తినేవాళ్లు. ఆ ఏడు బోనాలకు భాగ్యశ్రీ పిలిస్తే మనోరమ దోమలగూడ ఇంటికి కూడా వచ్చింది. ఎంకమ్మ పొద్దున్నే లేచి ఇల్లు కడిగి, కోడికూర, జొన్నరొట్టెలు చేసింది. మనోరమ చాప మీద కూర్చుని, ఇంకో గరిటె వేయించుకుని మరీ తిన్నది. పోయేటప్పుడు ఎంకమ్మ చేతులు పట్టుకుని, బిడ్డను బాగా చదివించారని చెప్పింది. ఆ మాట ఎంకమ్మ వారం రోజుల పాటు వాడకట్టంతా చెప్పుకుంది.

సాఫ్ట్‌వేర్‌ను ముందు సొంత ఆఫీసులో ఆరునెలలు వాడి చూపించాలని కస్టమర్ షరతు పెట్టాడు. అందుకని కంపెనీ ప్రోగ్రాములన్నీ అందులోనే పెట్టారు. ఆగస్టులో ఒక మంగళవారం, వివరాలు సరిగ్గా దిగుతున్నాయో లేదో పరీక్షించడానికి భాగ్యశ్రీకి అన్ని హక్కులూ ఉన్న పాస్‌వర్డ్ ఇచ్చారు. ఆ పాస్‌వర్డ్‌తో లోపలికి పోయి, పరీక్షకు ఏదో ఒక ఫైలు కావాలి కదా అని, తాను రాసిన ఫైలునే తెరిచింది.

కస్టమర్ పేరు, ప్రాజెక్టు పేరు, ఆమోదించినవాళ్ల పేరు. వాటి కింద ఆమె ఎన్నడూ చూడని వరస ఒకటి ఉంది. రిమార్కు. ఇంగ్లీషులో ఉన్న ఆ నాలుగైదు వాక్యాల సారం ఇది: ‘ఇంటికి వెళ్లి చూశాను. తండ్రి తాపీ పని, తల్లి రోడ్డు మీద నిలబడి కూలికి పోయే మనిషి. రేకుల కప్పు, వంటా పడకా ఒకే గదిలో. పిల్ల శుభ్రంగానే ఉంటుంది, పని వచ్చు, కానీ మాట మోటు. కస్టమర్ల ముందు కూర్చోబెట్టవద్దు. అమెరికా పంపే జాబితాలో వద్దు.’ రాసింది మనోరమ. తేదీ, బోనాల ఆదివారం తర్వాత మంగళవారం.

భాగ్యశ్రీ రెండోసారి చదవలేదు. ఒక్కసారికే అన్నీ మెదడులో అచ్చు పడ్డాయి. బోనాల నాడు అమ్మ వండిన కూర వాసన ముక్కులోకి వచ్చింది. ఇంకో గరిటె వెయ్యమ్మా అని ప్లేటు ముందుకు జరిపిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. తింటూ మనోరమ కప్పు వంక చూసింది, గది లెక్కబెట్టింది, గుర్తు పెట్టుకుంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేదని ఆమె తర్వాత చాలాసార్లు అనుకుంది. ఆగలేదు. తన ఫోల్డరు పైన యాజమాన్యానికి మాత్రమే కనబడే ఇంకో ఫోల్డరు ఉందని, రిమార్కు అక్కడి నుంచి దిగిందని అర్థమైంది. అట్లాంటివి పన్నెండున్నాయి. ఒక్కొక్కటే తెరిచింది. ఒకమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు కాబట్టి కొత్త పని నేర్పవద్దట. ఒకతని అన్న ఏదో కేసులో ఉన్నాడట. పక్క సీటు క్రాంతికుమార్‌కు మూర్ఛ ఉందట, మందులు వాడుతున్నాడట, ప్రాజెక్టు అయిపోయాక చూద్దామట. క్రాంతికుమార్ సంగతి మూడేళ్లుగా ఎవరికీ తెలియదు. ఆ క్షణాన అతను పక్కనే కూర్చుని కీబోర్డు మీద ఏదో కొడుతున్నాడు. భాగ్యశ్రీ స్క్రీన్‌ను తన వైపు తిప్పుకుంది. తనకు జరిగిందే తాను ఇంకొకరికి చేసినట్టు అనిపించి, ఒళ్లంతా జిడ్డుగా తోచింది. బాత్రూములోకి పోయి ముఖం మీద నీళ్లు కొట్టుకుంది. పోలేదు.

ఇంకా అసహ్యం వేసిన సంగతి వేరే ఉంది. ఈ రాతలు ప్రతి ఒక్కరి ఫైళ్ల మీదా కూర్చున్నాయి. వాళ్లు రాసిన ప్రతి ప్రోగ్రాముకూ అంటుకుని ఉన్నాయి. పని అప్పగించే రోజున ఫైళ్లతో పాటు అమెరికా పోతాయి. అక్కడ అన్ని హక్కులూ ఉన్నవాడెవడైనా భాగ్యశ్రీ రాసిన ప్రోగ్రాము తెరిస్తే, పక్కనే రేకుల కప్పు కనబడుతుంది. కనబడనిది ఒక్క భాగ్యశ్రీకే. ఎందుకు కనబడదంటే, ఆ తలుపు తానే బిగించింది. అసలు ఉందన్న సంగతి కూడా తెలియకూడదని తానే రాసింది, తానే వాదించి గెలిచింది.

మధ్యాహ్నం మనోరమ డబ్బా తెచ్చుకుని పక్కన కూర్చుంది. దోసకాయ పప్పు తెచ్చాను, వేసుకో అన్నది. భాగ్యశ్రీ తన డబ్బా మూత తీయలేదు. రిమార్కు సంగతి నేరుగా అడిగింది. మనోరమ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్లీ అన్నం కలపడం మొదలుపెట్టింది.

“నీ మంచికే రాశాను భాగ్యా. వాళ్ల ముందు కూర్చోబెడితే నువ్వే ఇబ్బంది పడతావు. నేను రాయకపోతే ఆయన ఇంకోలా రాసేవాడు,” అన్నది.

“మా అమ్మ చేతులు పట్టుకుంటివి అక్కా.”

“అదీ నిజమే, ఇదీ నిజమే,” అని మనోరమ ముద్ద నోట్లో పెట్టుకుంది.

నోటి చివర పప్పు అంటి ఉంది. దాన్ని చూడలేక భాగ్యశ్రీ లేచి నిలబడింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసి తినలేదు.

సాయంత్రం జగదీశ్వర్ గదిలోకి పోయింది. అరుస్తాడని, బుకాయిస్తాడని, పాస్‌వర్డ్ ఎందుకు అట్లా వాడావని నిలదీస్తాడని సిద్ధపడి పోయింది. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. అన్ని కంపెనీల్లో ఉండేదే ఇది, పూర్వం కాగితాల మీద రాసి బీరువాలో పెట్టేవాళ్లు అని నెమ్మదిగా చెప్పాడు. కస్టమరే అడిగాడని, మనుషుల వివరాలు వాళ్లకూ కావాలని చెప్పాడు. తర్వాత ముందుకు వంగాడు.

“నీకు రంజు అయ్యింది, మనసు నొచ్చింది, సమజైంది. ఒక పని చేద్దం. నీది మంచిగ రాయిస్త. ఏం రాయాల్నో నువ్వే చెప్పు, గదే రాయిస్త.”

ఆయన పెన్ను తీసి కాగితం దగ్గరికి లాక్కున్నాడు. నిజంగానే రాసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు కోపం వచ్చేది. ఇప్పుడు కోపం రాలేదు. పాచిపోయిన పాలు తెలియక నోట్లో పోసుకున్నట్టయింది. మిగతా పదకొండు మంది సంగతేందని అడిగింది. వాళ్లు అడగలేదు కదా అన్నాడాయన.

ఇంటికి పోయేసరికి పీరయ్య అరుగు మీద కాళ్లకు అంటిన సిమెంటు గోకుతూ కూర్చున్నాడు. బిడ్డ ముఖం చూసి ఏమైందని అడిగాడు. ముందు చెప్పలేదు. రెండుసార్లు అడిగాక, ఆఫీసులో మన గురించి రాసిపెట్టారని చెప్పింది.

“ఏం రాసిన్రు?”

“నువ్వు సుతారి పని చేస్తవని. అమ్మ అడ్డా మీద నిలబడ్తదని. రేకులిల్లు అని.”

పీరయ్య గోకడం ఆపలేదు. “అబద్ధమేం రాయలే గద బిడ్డా. మరి నిజమే రాసినోడు నీకు సూపెట్టక ఎందుకు దాసిండు?”

దాచింది నేనే నాయినా అన్నది భాగ్యశ్రీ. ఆయనకు అర్థం కాలేదు. లోపల పొయ్యి దగ్గర ఉన్న ఎంకమ్మకు వినబడిందో లేదో తెలియలేదు. కానీ మరునాటి నుంచి మనోరమ మేడమ్ ఎట్లున్నదని అడగడం మానేసింది.

బుధవారం మీటింగులో భాగ్యశ్రీ తన పద్ధతిని తానే తప్పని చెప్పింది. ఒక మనిషి మీద రాసిన వివరం ఎంత పై నుంచి దిగినా సరే, ఆ మనిషికి మాత్రం కనబడాలి అని కొత్త నియమం రాసి అందరికీ పంచింది. ఎందుకో చెప్పలేదు. చెబితే మిగతావాళ్ల సంగతులన్నీ నోటితో చెప్పినట్టవుతుంది. జగదీశ్వర్ కాగితం మీద చూపు కూడా నిలపకుండా, ఇప్పుడొద్దు, అప్పగించాక చూద్దామన్నాడు. మనోరమ కిటికీ వైపు చూసింది.

భాగ్యశ్రీ మూడు రోజులు కూర్చుని ఆ మార్పు చేసింది. సోమవారం పొద్దున అందరికంటే ముందు వచ్చి ఆఫీసు సర్వర్‌లో ఎక్కించింది. ఎవరు మార్చారో దాచే దారులు ఆమెకు తెలుసు. దాచలేదు. మార్పు చేసింది భాగ్యశ్రీ అని, కారణం దగ్గర ‘ఎవరి మీద రాసింది వాళ్లు చదువుకోవాలి’ అని నింపింది.

తొమ్మిదిన్నరకు ఒక్కొక్కరూ వచ్చి కూర్చున్నారు. పది గంటలకల్లా కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఎవరి రిమార్కు వాళ్లకే కనబడుతోంది, పక్కవాడిది కనబడదు. అందుకని ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. ఒకమ్మాయి కుర్చీలోంచి లేచి సంచి తీసుకుని వెళ్లిపోయింది. ఆమె మళ్లీ రాలేదు. అన్న మీద కేసున్న అతను భాగ్యశ్రీ దగ్గరికి వచ్చి, తెలియకుండా ఉంటే పని చేసుకునేవాణ్ణి, ఇప్పుడెట్లా చేసుకోవాలని గట్టిగానే అడిగాడు. తన మీద కోపగిస్తారని ఆమె అనుకోలేదు.

క్రాంతికుమార్ మధ్యాహ్నం దాకా కదలలేదు. తర్వాత ఆమె వైపు తిరగకుండానే మాట్లాడాడు.

“నువ్వు నాది చదివినవా?”

“చదివిన అన్నా.”

అతను తల ఊపాడు. “గీ ఊళ్లె నాకు కిరాయికి రూమిచ్చినోళ్లకు సుత చెప్పలే,” అన్నాడు.

నాలుగు గంటలకు జగదీశ్వర్ ఆమె పాస్‌వర్డులన్నీ తీసేయించాడు. రేపటి నుంచి రావద్దని మనోరమతో చెప్పి పంపాడు. మనోరమ చెప్పడానికి వచ్చి, చెప్పలేక, కాగితం మీద రాసి టేబుల్ మీద పెట్టింది.

రెండు వారాలు భాగ్యశ్రీ అశోక్‌నగర్ లైబ్రరీకి పోయి పేపర్లలో ఉద్యోగ ప్రకటనలు చూసింది. మూడో వారం జగదీశ్వర్ బస్తీకి మనిషిని పంపించాడు. అమెరికా నుంచి ఫోన్ వచ్చిందట. పరీక్ష మధ్యలో చూసుకోవడానికి ఫైళ్ల నకలు ఒకటి పంపించారు, దాంతో పాటు కస్టమర్ దగ్గర కూడా ఆఫీసులోని కొత్త సాఫ్ట్‌వేరే ఎక్కింది, ఆ కొత్త నియమం వాళ్లకు కనబడింది, నచ్చింది. దాని గురించి వివరంగా మాట్లాడాలన్నారు. తీరా చూస్తే ఆ నియమం ఎట్లా పనిచేస్తుందో చెప్పగలిగినవాళ్లు ఆఫీసులో లేరు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి రమ్మని కబురు.

పోవద్దనుకుంది. ఎంకమ్మ మాత్రం పొమ్మన్నది. ఆ రాతలు ఇంకా ఉన్నాయా, తీసేశారా చూసి రమ్మన్నది. ఆ విషయం మీద తల్లి నోరు విప్పడం అదే మొదటిసారి.

ఆఫీసు మెట్లెక్కి, చెప్పులు విడిచి, ఆ తడి కార్పెట్ మీద అడుగు పెట్టింది. జగదీశ్వర్ ఎదురొచ్చి నవ్వాడు. బ్రోచర్ అచ్చుకు పంపిస్తున్నామని ఒక కాగితం చూపించాడు. ‘ఉద్యోగి గౌరవాన్ని కాపాడే మొట్టమొదటి సాఫ్ట్‌వేర్’ అని మొదటి వరస. పని అయ్యేంతవరకు అన్ని హక్కులూ ఉన్న పాస్‌వర్డ్ తిరిగి ఇచ్చారు. ఫోన్‌కు ఇంకా ఇరవై నిమిషాలుంది. భాగ్యశ్రీ తన ఫైలు తెరిచింది. ఆమె పేరు మీద రిమార్కు లేదు. తీసేశారు.

మార్పుల చరిత్ర తెరిచింది. అది చెరపలేని సాఫ్ట్‌వేర్ కదా. పది రోజుల కింద రిమార్కులన్నీ ఒక మెట్టు పైన ఇంకో ఫోల్డరులోకి మారాయి. పేర్లు పోయి నంబర్లు వచ్చాయి. ఏడో నంబరు: తండ్రి తాపీ పని, రేకుల కప్పు. పన్నెండిట్లో పదకొండు ఉన్నాయి. వెళ్లిపోయిన అమ్మాయిది ఒక్కటే లేదు. ఆమె రాసిన నియమం పేరును బట్టి మనిషిని గుర్తుపడుతుంది. నంబరు పెడితే ఎవరిదో దానికి తెలియదు. మార్చింది మనోరమ. కారణం దగ్గర ‘సర్దుబాటు’ అని ఉంది.

అక్షరాలు చక్కగా, కామాలూ చుక్కలూ ఎక్కడివక్కడ ఉన్నాయి. ఎంత శ్రద్ధగా కూర్చుని చేశారో అనుకుంది భాగ్యశ్రీ. ఆ ఫోల్డరు పేరు కాగితం మీద రాసుకుంది.

ఫోన్ మోగింది. స్పీకరు పెట్టారు. జగదీశ్వర్, మనోరమ, క్రాంతికుమార్, ఇంకో ఇద్దరు టేబుల్ చుట్టూ కూర్చున్నారు. అవతల ఒక ఆడమనిషి గొంతు, నిదానంగా మాట్లాడుతోంది. నియమం ఎట్లా పుట్టిందని అడిగింది. జగదీశ్వర్ కళ్లతో జాగ్రత్త అన్నట్టు చూశాడు. భాగ్యశ్రీ తనకు వచ్చిన మోటు ఇంగ్లీషులోనే చెప్పింది. ఈ నియమం పనికిరాదని చెప్పింది. పేరు బదులు నంబరు రాసి దీన్ని తప్పించవచ్చని, ఈ ఆఫీసులోనే తప్పించారని, ఫలానా ఫోల్డరు తెరిస్తే మీకూ కనబడుతుందని చెప్పింది. మనోరమ కుర్చీ కిర్రుమంది. జగదీశ్వర్ ఫోన్ వైపు చెయ్యి చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. తెరిచి చూస్తోందన్న మాట. మరి ఏం చేయమంటావని ఆమె అడిగింది.

లోపల ఏముందో దాచుకోండి, ఉందన్న సంగతి దాచవద్దని భాగ్యశ్రీ చెప్పింది. పై నుంచి ఏ వివరం దిగినా, అది దిగిన ఫైలు ఎవరిదో వాళ్లకు ‘పైన ఒక రాత ఉంది, రాసింది ఫలానావాళ్లు, ఫలానా రోజున’ అన్నంత మటుకు కనబడాలి. మనిషి పేరుతో పని లేదు, నంబరుతో పని లేదు. అప్పుడు వాళ్లే పోయి అడుగుతారు.

అట్లాగే చేయమని అవతలి గొంతు చెప్పింది. ఈ రిమార్కులు తాము అడగలేదని, అడిగింది చదువు, అనుభవం మాత్రమేనని, సోమవారంలోగా తీసేయాలని కూడా చెప్పింది. ఫోన్ పెట్టేశాక జగదీశ్వర్ బ్రోచర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నువ్వు రేపటి నుంచి రావచ్చు అన్నాడు. ఆ మాటలో కోపం లేదు, సిగ్గు లేదు. ఈయన ఇంక దేనికైనా ఒప్పుకుంటాడు కాబోలనుకుంది ఆమె. ఈ మనిషికి ఇంతకాలం సార్ అని లేచి నిలబడ్డానా అనిపించింది.

“రాను సార్,” అన్నది.

పేరుతో, నంబరుతో పని లేకుండా కనబడే ఆ సూచన ఎట్లా పెట్టాలో క్రాంతికుమార్‌కు కాగితం మీద రాసిచ్చింది. రాస్తున్నంతసేపు అతను పక్కనే నిలబడి విన్నాడు. కింద చీరల షాపు దాకా దిగి వచ్చాడు. తాను కూడా ఇంకో చోట చూసుకుంటున్నానని, ఈసారి చేరేటప్పుడే తన జబ్బు సంగతి తానే చెప్పేస్తానని అన్నాడు. చెబితే ఉద్యోగమిస్తరా అన్నా అని ఆమె అడిగింది. తెలియదన్నాడు. ఇద్దరి మధ్యా మునుపటి చనువు లేదు. ఆ చనువు తర్వాత కూడా తిరిగి రాలేదు.

భాగ్యశ్రీ చిక్కడపల్లి మీదుగా నడిచి ఇంటికి పోయింది. ఎంకమ్మ గడపలోనే నిలబడి ఉంది. తీసేసిన్రా అని అడిగింది. సోమవారం తీసేస్తారని భాగ్యశ్రీ చెప్పింది. తీసేసినా చరిత్రలో ఉండిపోతాయన్నది చెప్పలేదు. ఎంకమ్మ సరేనని లోపలికి పోయి అన్నం పెట్టింది. భాగ్యశ్రీ రెండు ముద్దలు తిని ప్లేటు జరిపింది. తల్లి మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి, తానూ ఎదురుగా కూర్చుని తినసాగింది.